నిర్మల ధ్వనికి బాట వేసిన శాస్త్రవేత్త ఎడ్విన్ ఆర్మ్‌స్ట్రాంగ్

మన పాఠశాల ప్లాటినం జూబిలీ జరుపుకొంటున్న ఈ శుభవేళ, డెబ్బది అయిదు సంవత్సరాల క్రిందట తొలి గంట మ్రోగిన కాలాన్ని ఒకసారి మనసులోకి తెచ్చుకుందాం. ఆనాటి మద్రాసులో రేడియో అంటే బల్లమీద కొలువుతీరిన చెక్కపెట్టె. మీట నొక్కగానే అది పలికేది కాదు. లోపలి వాల్వులు వేడెక్కేవరకు ఇంటిల్లిపాదీ ఓపిక పట్టవలసి వచ్చేది. ఆ పిమ్మట మరను మెల్లమెల్లగా త్రిప్పి స్టేషనును పట్టుకుంటే తెలుగు పాటయో, నాటకమో, వార్తలో వినిపించేవి. ఆకాశంలో మెరుపు మెరిస్తే చాలు, గాయకుని గొంతు మీద పెళపెళమనే చప్పుడు వచ్చి పడేది. ఈనాడు అదే నగరంలో ఎఫ్.ఎం. ప్రసారం వినే విద్యార్థికి ఆ చప్పుడు దాదాపు తెలియదు.

ఆ చెక్కపెట్టెలో స్టేషన్లను విడివిడిగా పట్టి ఇచ్చిన వలయమూ, ఎఫ్.ఎం. ప్రసారంలోని నైర్మల్యమూ ఒకే వ్యక్తి మేధస్సు నుండి పుట్టినవి. ఆయన ఎడ్విన్ హోవర్డ్ ఆర్మ్‌స్ట్రాంగ్. రేడియో ఇంజనీర్లకు ఆయన పేరు పూజనీయం. అయినా మార్కొనీ పేరు తెలిసినంతగా మన పిల్లలకు ఆయన పేరు తెలియదు. రేడియో స్టూడియోలోని పరికరాలు దశాబ్దాల వెంట ఎందుకు మారుతూ వచ్చాయో తెలుసుకోగోరేవారికి ఆయన జీవితం చక్కని దారి చూపుతుంది. సత్యాన్ని ప్రయోగంతో నిరూపించినవాడు దానిని లోకంచేత ఒప్పించడానికి ఎంత మూల్యం చెల్లించవలసి వచ్చిందో కూడ ఆ జీవితమే చెబుతుంది.

బాల్యం, విద్యాభ్యాసం

ఆర్మ్‌స్ట్రాంగ్ 1890 డిసెంబరు 18న న్యూయార్కు నగరంలో జన్మించాడు. తండ్రి జాన్ ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రెస్ వారి అమెరికా శాఖలో పనిచేసేవాడు. తల్లి ఎమిలీ ఉపాధ్యాయిని. చిన్నతనంలో వచ్చిన ఒక నరాల జబ్బు వలన బాలుడు రెండు సంవత్సరాలు బడికి దూరమై ఇంటివద్దనే చదువుకోవలసి వచ్చింది. ఉద్వేగం కలిగినప్పుడు భుజమూ, మెడా అదరడమనే అవలక్షణం జీవితాంతం ఆయనను విడువలేదు. నలుగురిలో కలియక ఏకాంతంలో పరికరాలతో కాలం గడిపే స్వభావం ఆనాడే ఏర్పడింది.

కుటుంబం హడ్సన్ నది ఒడ్డున ఉన్న యాంకర్స్ పట్టణానికి తరలివచ్చింది. ఆ ఇంటి అటకగదియే ఆయన తొలి ప్రయోగశాల. మార్కొనీ సాధించిన విజయాలను గూర్చి పుస్తకంలో చదివి, తానూ నిస్తంత్రీ రంగంలో ఆవిష్కర్త కావాలని పదునాలుగేండ్ల వయసులోనే నిశ్చయించుకున్నాడు. పెరటిలో 125 అడుగుల ఏరియల్ స్తంభాన్ని తన చేతులతో నిలబెట్టాడు. ఎత్తు అంటే భయమెరుగని ఆ పిల్లవాడు దాని కొసకు ఎక్కి తీగలు సవరిస్తుంటే ఇరుగుపొరుగువారు గుండెలు అరచేత పట్టుకొని చూసేవారట.

1909లో కొలంబియా విశ్వవిద్యాలయంలో చేరి, ప్రసిద్ధ ఆచార్యుడు మైకేల్ పుపిన్ సన్నిధిలో విద్యుత్ ఇంజనీరింగు అభ్యసించాడు. గ్రంథంలో ఉన్నంత మాత్రాన దేనినీ అంగీకరించక, ప్రయోగంలో తేలిన పిమ్మటనే నమ్మడం ఆయన నియమం. ఆ నియమమే ఆయనను గొప్పవాణ్ణి చేసింది. కొందరు గురువులకు అది కంటగింపూ అయింది.

తొలి ఆవిష్కరణ

1906లో లీ డి ఫారెస్ట్ ఆడియన్ అనే మూడు ఎలక్ట్రోడుల వాల్వును కనిపెట్టాడు. అది ఎట్లా పనిచేస్తుందో ఆ కాలంలో ఎవరికీ స్పష్టంగా తెలియదు. విద్యార్థిగా ఉన్న ఆర్మ్‌స్ట్రాంగ్ దాని నడకను ఓపికగా కొలిచి చూశాడు. 1912లో ఆయనకు ఒక ఆలోచన తట్టింది. వాల్వు నుండి వెలువడే సంకేతంలో కొంత భాగాన్ని మరల దాని ప్రవేశద్వారానికే పంపితే, అది మళ్ళీ మళ్ళీ వర్ధనం చెందుతుంది. అంతవరకు చెవులకు ఫోను తగిలించుకొని ఊపిరి బిగబట్టి వినవలసిన సముద్రాంతర సంకేతాలు ఆ వలయంతో గది అంతా వినిపించాయి. ఇదే రీజెనరేషన్ వలయం.

అంతటితో ఆగలేదు. మరల పంపే భాగాన్ని ఒక హద్దు దాటించితే వాల్వు తనంతట తానే నిలకడగల విద్యుత్ కంపనాలను పుట్టిస్తుందని గమనించాడు. అంటే అదే వలయం రిసీవరుగానూ ట్రాన్స్‌మిటరుగానూ పనికివస్తుందన్నమాట. విద్యుత్ రవ్వలను చటచటలాడించి చుక్క, గీతల సంకేతాలు పంపే పాత యంత్రంతో సంగీతం వినిపించడం సాధ్యం కాదు. నిలకడగల వాహక తరంగం ఉంటేనే దానిపై మానవ కంఠాన్ని ఎక్కించవచ్చు. వాల్వు ట్రాన్స్‌మిటరు వచ్చిన తరువాతనే రేడియో స్టూడియో అనే గదికి అర్థం ఏర్పడింది.

పేటెంటుకు డబ్బు కావాలని అడిగితే, ముందు పట్టం పుచ్చుకొమ్మని తండ్రి త్రోసిపుచ్చాడు. బంధువు ఒకరి సలహాపై 1913 జనవరి 31న తన వలయ చిత్రాన్ని నోటరీచేత ధ్రువీకరింపజేసి దాచుకున్నాడు. అదే సంవత్సరం పట్టభద్రుడై, అక్టోబరులో పేటెంటుకు దరఖాస్తు పెట్టాడు. ఆ కొద్ది నెలల జాప్యం ముందుముందు ఆయన జీవితాన్ని కుదిపివేసింది.

సూపర్‌హెటరోడైన్, చెక్కపెట్టె రేడియో

మొదటి ప్రపంచ యుద్ధంలో ఆర్మ్‌స్ట్రాంగ్ అమెరికా సైన్యపు సిగ్నల్ కోరులో అధికారిగా పారిస్ నగరంలో పనిచేశాడు. అధిక పౌనఃపున్యం గల బలహీన సంకేతాలను నాటి వాల్వులు సరిగా వర్ధనం చేయలేకపోయేవి. 1918లో ఆయన ఈ చిక్కును ఒక ఉపాయంతో విడదీశాడు. వచ్చే సంకేతాన్ని రిసీవరులోనే పుట్టించిన మరొక కంపనంతో కలిపి, ఒక స్థిరమైన మధ్యస్థ పౌనఃపున్యానికి దించి, అక్కడ వర్ధనం చేయడమే ఆ ఉపాయం. దీనికి సూపర్‌హెటరోడైన్ అని పేరు. మీడియం వేవ్ రేడియోలలో ఆ మధ్యస్థ పౌనఃపున్యం సాధారణంగా 455 కిలోహెర్ట్జ్ దగ్గర ఉండేది. మన ఇండ్లలో వెలసిన వాల్వు రేడియోలకూ, ఆ తరువాత వచ్చిన ట్రాన్సిస్టరు రేడియోలకూ ఇదే ప్రాణం. ఒక్క మరను త్రిప్పి స్టేషన్లను ఎంచుకొనే సౌకర్యాన్ని ప్రతి ఇంటికీ తెచ్చినది ఇదే.

1920లో వెస్టింగ్‌హౌస్ సంస్థ ఈ రెండు ఆవిష్కరణల హక్కులను 3,35,000 డాలర్లకు కొన్నది. రెండేండ్ల తరువాత మరొక వలయాన్ని ఆర్.సి.ఎ. సంస్థకు ఇచ్చి, అందుకు ప్రతిఫలంగా నగదుతో పాటు ఆ సంస్థలో అధికసంఖ్యలో వాటాలు పొందాడు. ఆ సంస్థలో ముఖ్యుడైన డేవిడ్ సార్నోఫ్ అప్పటికే ఆయనకు మిత్రుడు. సార్నోఫ్ కార్యదర్శిని మారియన్ మాకిన్నిస్‌ను ఆర్మ్‌స్ట్రాంగ్ 1923 డిసెంబరులో వివాహమాడాడు. వధువుకు ఆయన ఇచ్చిన కానుక తాను స్వయంగా చేసిన సూపర్‌హెటరోడైన్ రేడియో. చేతితో మోసుకుపోగల రేడియోలలో అది మొదటిదని చెబుతారు.

ఆనాటి స్టూడియోల స్థితిని కూడ ఇక్కడ చెప్పుకోవాలి. గోడలకు మందపాటి తెరలు వ్రేలాడే గది, టెలిఫోను నుండి అరువు తెచ్చుకున్న కార్బన్ మైక్రోఫోను, అంతే. కార్బన్ రేణువులు తమంత తాముగా సుయ్‌మని శబ్దం చేసేవి. సన్నని, బరువైన స్వరాలు రెండూ అందులో నశించేవి. ఆ రోజులలోనే, 1924 మే 16న, సి.వి. కృష్ణస్వామి చెట్టి ప్రోద్బలంతో మద్రాసు ప్రెసిడెన్సీ రేడియో క్లబ్బు స్థాపితమై, జూలై 31న ప్రసారాలు ఆరంభించింది. ధనాభావం వలన అది 1927లో ఆగిపోగా, 1930 నుండి మద్రాసు కార్పొరేషను ఆ బాధ్యతను వహించింది. 1938 జూన్ 16న ఆలిండియా రేడియో మద్రాసు కేంద్రం ప్రారంభమైనది. ఇక్కడి తెలుగువారికి ఆకాశమార్గాన మాతృభాష వినిపించిన కథకు మూలం అదే.

న్యాయస్థానంలో ఓటమి

రీజెనరేషన్ వలయాన్ని తానే ముందు కనిపెట్టానని డి ఫారెస్ట్ వాదించాడు. ఆ వ్యాజ్యం ఇరువది సంవత్సరాలు నడిచింది. ఒక న్యాయస్థానంలో ఆర్మ్‌స్ట్రాంగ్ గెలిస్తే మరొక దానిలో ఓడాడు. చివరకు 1934లో అమెరికా సుప్రీంకోర్టు డి ఫారెస్ట్ పక్షాన తీర్పు చెప్పింది. వలయం ఎట్లా పనిచేస్తుందో న్యాయమూర్తులు సరిగా గ్రహించలేదని ఇంజనీర్లలో అధికసంఖ్యాకులు భావించారు.

ఆర్మ్‌స్ట్రాంగ్ హృదయం గాయపడింది. ఆ ఆవిష్కరణకుగాను రేడియో ఇంజనీర్ల సంస్థ తనకు బహూకరించిన పతకాన్ని తిరిగి ఇచ్చివేయాలని వారి సమావేశానికి వెళ్ళాడు. సంస్థ పెద్దలు దానిని స్వీకరించడానికి నిరాకరించి, ఆ గౌరవం ఆయనదేనని సభాముఖంగా పునరుద్ఘాటించారు. సభ్యులందరూ లేచి నిలబడి కరతాళధ్వనులు చేశారు. న్యాయస్థానం ఇవ్వనిది తోటి వృత్తివారు ఇచ్చారు. కాని ఆ గాయం మానలేదు.

ఎఫ్.ఎం. ఆవిష్కరణ

ఆ వ్యాజ్యం నడుస్తుండగానే ఆయన తన జీవితంలోని మహత్కార్యాన్ని ముగించాడు. అంతవరకు ఉన్న ప్రసారాలు ఎ.ఎం. పద్ధతికి చెందినవి. స్టూడియోలోని ధ్వనిని అనుసరించి వాహక తరంగపు కంపన పరిమితి, అంటే తరంగపు ఎత్తు, పెరుగుతూ తరుగుతూ ఉంటుంది. మెరుపులూ, విద్యుత్ మోటార్లూ పుట్టించే అలజడి కూడ ఆ ఎత్తుకే వచ్చి చేరుతుంది. పాటనూ చప్పుడునూ వేరుచేయడం రిసీవరు తరం కాదు. ట్రాన్స్‌మిటరు శక్తి పెంచడం తప్ప మార్గాంతరం లేదని అందరూ భావించారు.

ఆర్మ్‌స్ట్రాంగ్ ఎత్తును వదలి పౌనఃపున్యాన్ని పట్టుకున్నాడు. తరంగపు ఎత్తును మార్చక, సెకనుకు జరిగే కంపనాల సంఖ్యను ధ్వని ననుసరించి మార్చాడు. త్రోవలో చేరిన అలజడి ముఖ్యంగా ఎత్తునే మారుస్తుంది కనుక, రిసీవరులోని లిమిటరు ఆ హెచ్చుతగ్గులను కోసివేస్తుంది. మిగిలేది నిర్మలమైన ధ్వని. పౌనఃపున్య మార్పువలన ప్రయోజనం లేదని జాన్ కార్సన్ అనే ప్రముఖ గణితవేత్త 1922లోనే సిద్ధాంతీకరించాడు. ఆయన ఇరుకైన పట్టీని దృష్టిలో ఉంచుకొని లెక్కకట్టాడు. ఆర్మ్‌స్ట్రాంగ్ పట్టీని విశాలం చేశాడు. అమెరికాలో ఎ.ఎం. స్టేషన్ల మధ్య ఎడం 10 కిలోహెర్ట్జ్ కాగా, ఎఫ్.ఎం. స్టేషనుకు 200 కిలోహెర్ట్జ్ లభించడం ఆ విశాలత ఫలితమే. 1933 డిసెంబరు 26న ఆయనకు ఎఫ్.ఎం. పేటెంట్లు లభించాయి.

1934లో న్యూయార్కులోని ఎంపైర్ స్టేట్ భవనం పైనుండి ఆర్.సి.ఎ. వసతులతో పరీక్షలు జరిగాయి. సుమారు 70 మైళ్ళ దూరాన ఉరుముల మధ్య కూడ ధ్వని స్వచ్ఛంగా వినిపించింది. కాని టెలివిజనుపై దృష్టి నిలిపిన సార్నోఫ్ మరుసటి సంవత్సరం ఆ పరికరాలను తొలగించమన్నాడు. 1935 నవంబరు 5న ఇంజనీర్ల సభలో ఆర్మ్‌స్ట్రాంగ్ తన ఆవిష్కరణను ప్రదర్శించాడు. యాంకర్స్‌లో ఒక మిత్రుని ఇంటి నుండి ప్రసారం జరిగింది. అక్కడ గ్లాసులో నీరు పోశారు, కాగితం నలిపారు, చింపారు. సభలో కూర్చున్నవారికి నీరు నీరుగాను, కాగితం కాగితంగాను వినిపించాయి. అంతకుముందు రేడియోలో అటువంటి సూక్ష్మశబ్దాలు గుర్తుపట్టరాని గరగరగా మారిపోయేవి.

స్టూడియో పరికరాల చరిత్రలో ఆ సాయంకాలానికి ఎంతో ప్రాముఖ్యం ఉన్నది. అప్పటికి కార్బన్ మైక్రోఫోను స్థానాన్ని కండెన్సరు, రిబ్బన్ మైక్రోఫోనులు ఆక్రమించాయి. అవి వీణ మీటులోని చివరి కంపనాన్ని కూడ పట్టగలవు. కాని స్టూడియోను ట్రాన్స్‌మిటరుతో కలిపే టెలిఫోను తీగలు సాధారణంగా 5,000 హెర్ట్జ్‌కు పైబడిన స్వరాలను మోయలేకపోయేవి. ఎ.ఎం. పద్ధతిదీ అదే పరిమితి. మైక్రోఫోను విన్నది శ్రోతకు చేరేది కాదు. ఎఫ్.ఎం. 15,000 హెర్ట్జ్ వరకు గల స్వరాలను మోసింది. స్టూడియో నుండి ట్రాన్స్‌మిటరుకు సైతం తీగలు లేకుండ ఎఫ్.ఎం. ద్వారానే ధ్వనిని పంపవచ్చునని తేలింది. అప్పటినుండి స్టూడియోలో ప్రతి లోపమూ శ్రోత చెవికి తెలియవచ్చింది. అరిగిన రికార్డు, కిర్రుమనే కుర్చీ, గదిలోని ప్రతిధ్వని, అన్నీ సరిదిద్దుకోక తప్పలేదు.

పోరాటం, అస్తమయం

పెద్ద సంస్థలు ముందుకు రాకపోతే ఆర్మ్‌స్ట్రాంగ్ తన వాటాలు అమ్మి, న్యూజెర్సీలోని ఆల్పైన్ గ్రామం వద్ద 400 అడుగులకు పైబడిన టవరు కట్టించాడు. 1939లో అక్కడినుండి పూర్తిశక్తితో ఎఫ్.ఎం. ప్రసారం సాగించాడు. కొలంబియాలో ఆచార్యుడుగా ఉంటూ జీతం ఆశించలేదు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో తన ఎఫ్.ఎం. పేటెంట్లను ప్రతిఫలం లేకుండ దేశసైన్యానికి వినియోగింపనిచ్చాడు.

1941లో ఎఫ్.ఎం. వాణిజ్య ప్రసారాలకు 42 నుండి 50 మెగాహెర్ట్జ్ పట్టీ లభించింది. 1945లో ప్రభుత్వ నియంత్రణ సంస్థ ఎఫ్.ఎం.ను నేటి 88–108 మెగాహెర్ట్జ్ ప్రాంతానికి మార్చింది. దానితో అంతవరకు అమ్ముడైన లక్షలాది రిసీవర్లూ, నిర్మితమైన ట్రాన్స్‌మిటర్లూ నిరుపయోగమయ్యాయి. మరోవైపు ఆర్.సి.ఎ. ఒక్కసారిగా పది లక్షల డాలర్లు ఇస్తానన్నది గాని, ఇతర సంస్థలవలె రాయల్టీ చెల్లించడానికి సమ్మతించలేదు. ఇతరులకు ఒక న్యాయం, మీకొక న్యాయం కుదరదని ఆర్మ్‌స్ట్రాంగ్ ఆ సొమ్మును కాదన్నాడు. 1948లో ఆయన వ్యాజ్యం వేశాడు. విచారణ సంవత్సరాల తరబడి సాగింది. ఈలోగా పేటెంట్ల గడువు తీరిపోయింది, సంపద కరగిపోయింది, ఆరోగ్యం చెడింది.

1953 చివర, వ్యాజ్యం కోసం భార్య పేరిట ఉన్న ధనాన్ని ఆయన అడిగాడు. వార్ధక్యానికి మిగిలిన ఆ ఆధారాన్ని ఇవ్వడానికి ఆమె ఒప్పుకోలేదు. ఆయన కోపం హద్దు దాటింది. మూడు దశాబ్దాలు తోడునీడగా నిలిచిన మారియన్ ఇల్లు విడిచి తోబుట్టువు దగ్గరకు వెళ్ళిపోయింది. 1954 జనవరి 31 రాత్రి, తన తొలి వలయ చిత్రాన్ని ధ్రువీకరింపజేసిన దినానికి సరిగా 41 సంవత్సరాలు నిండిన రాత్రి, ఆమెకు క్షమాపణ చెబుతూ ఒక లేఖ వ్రాసి, అరువది మూడేండ్ల ఆ మేధావి తన జీవితాన్ని తానే ముగించుకున్నాడు.

అనంతర విజయం

భర్త విడిచిన వ్యాజ్యాలను మారియన్ చేపట్టింది. ఆ సంవత్సరాంతానికే ఆర్.సి.ఎ. పది లక్షల డాలర్లకు పైగా చెల్లించి రాజీపడింది. మిగిలిన సంస్థలతో ఒక్కొక్క వ్యాజ్యమే గెలుస్తూ 1967లో ఆమె చివరిదానిలో జయం పొందింది. 1983లో అమెరికా తపాలా శాఖ ఆర్మ్‌స్ట్రాంగ్ స్మారకంగా స్టాంపు విడుదల చేసింది. 2001 సెప్టెంబరులో వరల్డ్ ట్రేడ్ సెంటరు కూలి న్యూయార్కు టెలివిజను ప్రసారాలకు అంతరాయం కలిగినప్పుడు, కొన్ని స్టేషన్లకు ఆశ్రయమిచ్చినది ఆల్పైన్‌లో ఆయన కట్టించిన టవరే.

ఆయన తెరచిన ద్వారం గుండా స్టూడియోలోకి క్రొత్త పరికరాలు ఒకటి వెంట ఒకటి ప్రవేశించాయి. జర్మనీలో రూపొందిన అయస్కాంత టేపు యుద్ధానంతరం స్టూడియోలలో వ్యాపించింది. అంతకుముందు రికార్డు పళ్ళెం మీద గీసినది దిద్దడానికి వీలులేదు. టేపును బ్లేడుతో కోసి అతికి తప్పును తొలగించవచ్చును. వాల్వుల స్థానంలో ట్రాన్సిస్టర్లు వచ్చి, గదినిండిన కంట్రోలు బల్ల చిన్నదైనది. 1961లో అమెరికాలో స్టీరియో ఎఫ్.ఎం. ఆరంభమై, ఎడమ కుడి వైపుల ధ్వనులు వేర్వేరుగా వినవచ్చాయి. కాలక్రమాన స్పూలు టేపు కూడ నిష్క్రమించి, కోత, అతుకు, నిల్వ అన్నీ కంప్యూటరు తెరమీదికి చేరాయి.

మన దేశంలో ఎఫ్.ఎం. ప్రసారం మొదట వినిపించినది మన మద్రాసులోనే, 1977 జూలై 23న. ఆర్మ్‌స్ట్రాంగ్ మరణించి అప్పటికి ఇరువది మూడు సంవత్సరాలు. 2001లో బెంగుళూరులో ప్రైవేటు ఎఫ్.ఎం. స్టేషను మొదలైన తరువాత ఆ రెండక్షరాలు ఇంటింటి మాటయ్యాయి.

విద్యార్థులు ఈ జీవితం నుండి గ్రహింపదగినది, పుస్తకంలో ఉన్నదానిని సైతం కొలిచి చూడవలెనన్న జిజ్ఞాస. తల్లిదండ్రులమూ, ఉపాధ్యాయులమూ అయిన మనం గ్రహింపదగినది మరొకటి ఉన్నది. ఆయన పక్షాన న్యాయం ఉన్నది, విజయం కూడ వచ్చింది, కాని దానిని చూడడానికి ఆయన లేడు. ఓటమి తాకిన బిడ్డ మనసులోని సవ్వడి ఎంత బలహీనమైనదైనా వినగలగడం మన విధి. ఓడిపోయిన ఆర్మ్‌స్ట్రాంగ్ కోసం 1934లో ఒక సభ లేచి నిలబడింది. ఇరువది ఏండ్ల తరువాత ఆ రాత్రి ఆయన గదిలో ఎవరూ లేరు. మన బడిలో చదివిన ఏ బిడ్డకూ అటువంటి ఏకాంతం కలుగకుండ చూసుకోవడం ఈ జూబిలీ వేళ మనం చేయదగిన సంకల్పం.